టోప్లీలు లేని వీడియో

బాణోతు సంగీతకు దాదీ అంటే ప్రాణం. ఈ మాట ఎవరి ముందైనా ఒట్టేసి చెబుతుంది, అది అబద్ధమూ కాదు. కాకపోతే ఆ ప్రాణం తాండాలో ఉన్నంతసేపే. జూలూరుపాడులో ఖమ్మం బస్సెక్కిందంటే దాదీ ఊసే ఎత్తదు. మీ ఇంట్లో ఎవరెవరుంటారని ఎవరైనా అడిగితే అమ్మ, నాన్న, తమ్ముడు అని చెప్పి ఊరుకుంటుంది. దాదా గోప్యా, దాదీ ద్వాలి, అంటే తాతా నాయనమ్మా, అదే ఇంట్లో అదే పొయ్యి మీద వండింది తింటూ నిక్షేపంగా ఉన్నా సరే, లెక్కలోకి రారు.

ముసలిది ఆమెకు చేసిన అపకారం ఏదైనా ఉందా అంటే ఏమీ లేదు. ఉన్నదల్లా ఆమె వేషం. ఆ తాండాలో పాత కట్టు విడవని ఆడవాళ్లు ముగ్గురో నలుగురో మిగిలారు, వాళ్లలో ద్వాలి ఒకతి. అద్దాలు కుట్టిన కాంచళి రవిక, నిండు కుచ్చిళ్ల ఫేటియా లంగా, మోచేతుల పైదాకా తెల్ల గాజులు, చెంపల పక్కన జుట్టులో కలిపి అల్లిన వెండి టోప్లీలు. టోప్లీ అంటే చిన్న గిన్నె బోర్లించినట్టుండే నగ, దాని కింద మువ్వలుంటాయి. ద్వాలి ఇంట్లోకి రాకముందే ఆ మువ్వల చప్పుడు వచ్చేస్తుంది. కోడలు సోని కాలానికే తాండాలోకి చీరలు దిగాయి, మనవరాలి కాలానికి చుడీదార్లు. టోప్లీలు ఎందుకు పెట్టుకుంటారో సంగీతకు ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. అయిదో తరగతి నుంచి హాస్టళ్లలో పెరిగిన పిల్లకు అవి ముసలివాళ్ల అలంకారాలు, అంతే.

ఖమ్మంలో నర్సింగ్ చదివే రోజుల్లో ఒకసారి ద్వాలి బస్సెక్కి హాస్టల్ గేటు దగ్గరికి వచ్చింది. ఉడకబెట్టిన పల్లికాయ మూట కట్టుకుని, మనవరాలికి ఇష్టమని. గేటు దగ్గర ఆడపిల్లలు గుమిగూడి ఆమె గాజులు చూస్తున్నారు, ఒకమ్మాయి ఫోటో కూడా తీసింది. ఎవరే ఈమె అని అడిగితే సంగీత, "మా ఊరి ఆమె" అంది. ద్వాలికి తెలుగు బాగానే వచ్చు. ఆ మాట విన్నదీ లేనిదీ పైకి తెలియనివ్వలేదు. మూట చేతిలో పెట్టి, బస్సు పోతది బిడ్డా అని వెళ్లిపోయింది. మా ఊరి ఆమె అనడం అబద్ధమేం కాదుగా అని సంగీత తనకు తాను సర్దిచెప్పుకుంది. మనిషన్నవాడు తనకు తాను చెప్పుకునే వాటిలో ఇంతకంటే నీచమైన మాట మరొకటి ఉండదు.

చదువు అయింది. నర్సింగ్ పాసైన పిల్లలు ఖమ్మంలో వీధికి పదిమంది. ప్రైవేటు దవాఖానాలో ఉద్యోగమైతే దొరికింది గానీ, అది చెప్పుకునే ఉద్యోగం కాదు. జీతం హాస్టల్‌కీ బస్సుకీ సరి. తమ్ముడు రాజేష్‌ది ఇంకో కథ. డిప్లొమా చేతిలో పట్టుకుని, పాల్వంచలో కరెంటు ప్లాంటు రిపేర్లు జరిగినన్నాళ్లు కాంట్రాక్టర్ కింద పనిచేశాడు. రిపేర్లు అయిపోయాయి, పని కూడా అయిపోయింది. ఆ తర్వాత ఖమ్మంలో బండి మీద భోజనం ప్యాకెట్లు మోశాడు, అదీ విసుగొచ్చి ఇంటికి చేరాడు. మన దగ్గర పిల్లలున్నారు, పని లేదు. సముద్రాల అవతల దేశాల్లో పని ఉంది, చెయ్యడానికి పిల్లల్లేరు. దేవుడు పంపకాలు చేసిన రోజు కునుకు తీసి ఉంటాడు.

జపాన్ సంగతి మొదట తెచ్చింది ఫరహా. ఖమ్మంలో టైలర్ షుకూర్ కూతురు, నర్సింగ్‌లో సంగీతకు బెంచీమేటు. అక్కడ ముసలివాళ్లు ఎక్కువట, వాళ్లను చూసుకోవడానికి మనలాంటివాళ్లు కావాలట, హైదరాబాదులో ఒక ఏజెన్సీ భాష నేర్పించి పంపుతోందట. ఇద్దరూ చేరారు. పగలంతా ఆ అక్షరాలు దిద్దడం, రాత్రి హాస్టల్లో ఒకరికొకరు అప్పజెప్పుకోవడం. నాలుక తిరగక ఫరహా నవ్వించేది, సంగీత మాత్రం పట్టుదలగా నేర్చుకుంది. పరీక్ష ఇద్దరూ గట్టెక్కారు. తాండా నుంచి గల్ఫ్‌కి డ్రైవర్లు వెళ్లారు, జపాన్ ఇంతవరకూ ఎవరూ వెళ్లలేదు. ఇది దొరికిందా, సంగీత ఒక్కదానికే కాదు, వెనకాల తమ్ముడికీ దారి పడుతుంది. దొరకలేదా, మళ్లీ ఆ ప్రైవేటు దవాఖానాయే గతి. ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలుసు, ద్వాలికి అందరికంటే బాగా తెలుసు.

ఏజెన్సీలో భాష నేర్పే రాజ్యశ్రీ మేడం ఒకరోజు క్లాసులో చెప్పింది. "మీ ఇంట్లో ఉన్న పెద్దవాళ్లకు సేవ చేస్తున్నట్టు చిన్న వీడియో తీసి పంపండి. మంచం మీంచి లేపి కూర్చోబెట్టడం, తల దువ్వడం, అన్నం తినిపించడం. అక్కడి వృద్ధాశ్రమం వాళ్లు చూసి ఎంపిక చేసుకుంటారు. మీ చేతులకు గాజులు, ఉంగరాలు ఉండకూడదు. పెద్దవాళ్ల ఒంటికి గీరుకుంటాయి."

గాజులు ఉండకూడనిది సేవ చేసే పిల్లకు. ఆ మాట సంగీత స్పష్టంగానే విన్నది. విని, ఇంటికి వచ్చేలోపు బస్సులో దాన్ని కొంచెం కొంచెంగా సాగదీసి దాదీ దాకా తెచ్చింది.

మిరపకోతల రోజులు. సోని చేనుకు పోయింది, తండ్రి పాల్వంచలో ఉన్నాడు. ఇంటి ముందు పందిరి కింద మంచం వేసి, దాని మీద తెల్ల దుప్పటి పరిచి, రాజేష్ చేతికి ఫోనిచ్చింది సంగీత. ద్వాలి ఉత్సాహంగా వచ్చి కూర్చుంది. మనవరాలి ఉద్యోగం కోసమని పొద్దున్నే ఉతికిన ఫేటియా కట్టింది, టోప్లీలు చింతపండుతో తోమింది. అవి తళతళలాడుతున్నాయి. సంగీత వాటిని చూసి గతుక్కుమంది.

"దాదీ, గీ బట్టలొద్దు. అమ్మ నైటీ వేసుకో. గాజులు గూడ తీసెయ్. గవి కూడా," అంటూ చెంపలవైపు చూపించింది. "ఆళ్లకు నీటుగ ఉండాలె. రూల్ గట్లుంది."

ద్వాలి గాజులకేసి చూసుకుంది, మనవరాలికేసి చూసింది. "మీ దాదా యాడున్నడో సూసిరా," అంది.

"చేను కాడికి పోయిండు. ఎందుకు?"

"పొద్దుగూకేదాంక రాడు గదా?"

"రాడు దాదీ. సిగ్గైతుందా దాదా ముంగట నైటీ ఏసుకోవాల్నంటే?" అని నవ్వింది సంగీత.

"అవ్," అంది ద్వాలి. "ఇగ కానియ్."

మోచేతి పై గాజులు ఎన్నేళ్ల నుంచి ఉన్నాయో, సబ్బు రాస్తే గానీ దిగలేదు. టోప్లీలు అసలు రాలేదు. జుట్టు, దారం, ఉన్ని కలిసి పెనవేసుకుపోయి ఉన్నాయి. సంగీత కత్తెర తెచ్చి దారాలు కత్తిరించింది. ద్వాలి కళ్లు మూసుకుని కూర్చుంది. నొప్పేమో అనుకుంది మనవరాలు. అవి ఊడి వచ్చాక రెండు చెంపల దగ్గరా చర్మం పాలిపోయి, పసిపిల్ల చర్మంలా తెల్లగా కనిపించింది. ముసలిది ఒక్కసారిగా చిన్నదైపోయినట్టు అనిపించింది సంగీతకు. అనిపించినా, వెలుతురు పోతుందన్న తొందరలో పట్టించుకోలేదు.

వీడియో బాగా వచ్చింది. బోడి చేతులతో, లేతరంగు నైటీలో, తల నున్నగా దువ్వించుకుంటూ ఎవరో ఒక నాయనమ్మ. నవ్వమంటే నవ్వింది. ముద్ద పెడితే తిన్నది. ఏ ఊరి మనిషో, ఏ కులమో, ఏ దేశమో కూడా చెప్పలేని మనిషి. సంగీతకు కావలసింది సరిగ్గా అదే.

గాజులు ద్వాలి మళ్లీ తొడుక్కుంది గానీ టోప్లీలు కుదరలేదు. అవి తన చేత్తో తాను అల్లుకునేవి కావు. "కేస్లీ వచ్చినప్పుడు అల్లించుకుంటలే," అని వాటిని బియ్యం డబ్బాలో దాచి, తల మీది కొంగు చెంపలు కప్పేదాకా లాక్కుంది. కేస్లీ ఆమె చెల్లెలు, పాల్వంచ పక్క తాండాలో ఉంటుంది. గోప్యాకు చూపు కొంచెం మందం, ఏమీ గమనించలేదు. మువ్వల చప్పుడు లేదేమని ఒకసారి అడిగితే, నీ చెవులు పోతున్నయ్ అని కసిరి పంపింది ద్వాలి.

కొన్నాళ్లకు మేడం ఫోన్ చేసింది. వీడియో నచ్చిందట, చివరి ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలిందట. ఇల్లంతా పండగైంది. రాజేష్ ఆ సంబరంలో ఆగలేక, మా అక్క జపాన్ పోతుంది అని రాసి ఆ వీడియో తీసుకెళ్లి తాండాల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. జూలూరుపాడు నుంచి భద్రాచలం దాకా ఉన్న చుట్టాలంతా ఆ గ్రూపులోనే ఉన్నారు. వయసు పిల్లలు శభాష్ అని బొటనవేళ్లు పెట్టారు. ముసలివాళ్లకు మాత్రం రాజేష్ రాసిన అక్షరాలు చదవరాదు. వాళ్లు చూసింది ద్వాలి తలను.

మర్నాడు పొద్దున గోప్యా పందిరి కింద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప అయింది, రెండో చెంప నిండా సబ్బు నురగ. అప్పుడు ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి కేస్లీ, ఆమె వెనకాల ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు దిగారు. దిగుతూనే ఒకరి మెడ ఒకరు పట్టుకుని రాగం తీసి ఏడుపు అందుకున్నారు. చావుకు ఏడ్చే ఏడుపు అది, తాండాలో పుట్టిన పిల్లాడికి కూడా ఆ రాగం తెలుస్తుంది. గోప్యా బిత్తరపోయి, కత్తి చేత్తోనే లేచి నిలబడ్డాడు.

"ఏమైందే కేస్లీ? ఎవరు పోయిన్రు?"

కేస్లీ ఏడుపు గొంతులోనే ఆగిపోయింది. నోరు తెరిచి బావకేసి చూసింది, నురగకేసి చూసింది.

"నువ్వే గదా పోయింది!" అంది.

ఆటో డ్రైవర్ పగలబడి నవ్వాడు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వచ్చి వాళ్లూ నవ్వారు. గోప్యా కూడా నవ్వాడు పాపం, ఏం జరిగిందో తెలియక. కేస్లీ మాత్రం నవ్వలేదు. విసవిసా ఇంట్లోకి వెళ్లి అక్క కొంగు లాగింది. బోసి చెంపలు వెలుతుర్లోకి వచ్చాయి. గుమ్మం దగ్గర గుమిగూడినవాళ్ల నవ్వులన్నీ ఆరిపోయాయి.

"మొగుడు బతికుండంగ టోప్లీలు తీస్తవా? అవి తీసేది మొగణ్ణి మట్టి చేసిన రోజు గదనే! ఏం పుట్టింది నీకు?"

తలుపు చాటున నిలబడి ఉన్న సంగీతకు తల కొట్టేసినట్టయింది. అప్పటిదాకా ఆమెకు నిజంగా తెలియదు. తెలియదన్న మాటతో తప్పించుకోవచ్చని మనసు ఒక అడుగు ముందుకు వేసింది కూడా. కానీ దాదీ ఆ రోజు దాదా ఎక్కడున్నాడని ఎందుకు అడిగిందో, కళ్లు ఎందుకు మూసుకుందో ఒక్కొక్కటే తెలిసొచ్చింది.

"తలనొప్పికి తీసిన," అంది ద్వాలి.

"తలనొప్పికి మొగుణ్ణి చంపుకుంటరా ఎవరన్న?"

"బరువైనయ్. జుట్టు ఊడుతుంది. తీసిన. నాదే తప్పు, ఇగ అరవకు."

రాజేష్ అక్కవైపు చూశాడు. చెప్పనా అన్నట్టు. సంగీత కళ్లతోనే వద్దంది. ఆడవాళ్లంతా కలిసి ద్వాలిని కూర్చోబెట్టి, కేస్లీ కొత్త దారం తెప్పించి, చిరుకోపంతో జుట్టు గుంజి గుంజి టోప్లీలు మళ్లీ అల్లింది. నూనె గిన్నె పట్టుకుని పక్కన కూర్చున్నది ఎవరనుకున్నారు, సంగీతే. నోట్లోంచి ఒక్క మాట రాలేదు. ఇప్పుడు చెబితే ఈ గొడవలో ఇంటర్వ్యూ ఏమవుతుందోనని ఒక భయం, అందరి ముందూ ఏం మొహం పెట్టుకోవాలని ఇంకొక భయం. రెండిట్లో రెండోదే పెద్దది.

టోప్లీలు మళ్లీ ఎక్కాయి గానీ మాట ఊరికే పోలేదు. మొగుడి మీద కసి పెట్టుకుని, వాడు పోవాలని కోరి తీసిందట అని ఒక ఇంట్లో అన్నారు. ఈ వయసులో ఏం కొట్లాటో అని ఇంకో ఇంట్లో నవ్వారు. నీళ్ల దగ్గరికి పోతే ద్వాలిని చూసి మాటలు ఆపేసేవాళ్లు. ఏభై ఏళ్లు ఆ తాండాలో తలెత్తుకు తిరిగిన మనిషి తల దించుకుని బిందె ఎత్తుకు రావడం సంగీత చూసింది. చూసి, ఫోన్ పట్టుకుని లోపలికి వెళ్లింది.

ఆ సాయంత్రం పందిరి కింద గోప్యా మాట వినిపించింది. మామూలుగా గట్టిగా మాట్లాడే మనిషి, ఆ రోజు గొంతు దించి అడుగుతున్నాడు. "నేనేమన్న తప్పు చేసిన్నా ద్వాలీ? చేస్తే నాకు చెప్పరాదు?"

"నువ్వేం జెయ్యలె," అంది ద్వాలి. "పండుకో."

సంగీత ఫరహాకు ఫోన్ చేసి ఏడ్చింది. జరిగిందంతా చెప్పింది.

"నువ్వెందుకు తీయించినవ్ సంగీ? మేడం గట్ల చెప్పలే గదా," అంది ఫరహా. "నేను మా నానీ ఇమాంబీని వీడియోల పెట్టిన. ఆమె సంగతి నీకెరుకే గదా, నోట్ల పాన్ లేకుంటే కూసోదు. పాన్ నములుకుంటనే, సరిగ దువ్వు బద్మాష్ అని నన్ను తిట్టింది. గదే పంపిన. ఆళ్లు చూసి నవ్విన్రట. నాది గూడ సెలెక్ట్ అయింది."

ఎవరూ తియ్యమనలేదు. జపాన్‌వాళ్లు అనలేదు, మేడం అనలేదు. దాదీని చూసి సిగ్గుపడే మనిషి లోకం మొత్తం మీద ఒక్కతే ఉంది, అది తనే. ఇలాంటి సంగతి తెలిసిన రాత్రి ఎవరికీ నిద్ర పట్టకూడదు, సంగీతకు పట్టలేదు. పొద్దున దాదీతో చెప్పేయాలనుకుంది. పొద్దున దాదీ చాయ్ గ్లాసు చేతికిస్తే తాగింది, చెప్పలేదు. ఆ తర్వాత రోజులూ అంతే.

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. మేడం పొద్దున్నే ఫోన్ చేసి, "మీ నాయనమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకో. ఆశ్రమం పెద్దాయన ఆవిడను పలకరిస్తాడట," అంది. సంగీత ఆ మాట ఇంట్లో చెప్పింది. చెప్పి ఊరుకుంది. టోప్లీల సంగతి ఏం చెయ్యాలో అనలేదు. ఉంచుకో అనీ అనలేదు, తియ్యి అనీ అనలేదు.

ఆ ఊరుకోవడమే ఇంట్లోవాళ్లకు జవాబైంది. మంచం మీద కూర్చున్న గోప్యా అప్పటికే రాజేష్‌ను నిలదీసి సంగతంతా రాబట్టుకున్నాడేమో, మెల్లగా లేచి చేతికర్ర తీసుకున్నాడు.

"నేను గట్ల చేను దిక్కు పోయొస్తా," అన్నాడు. "కంగారు పడకుండ్రి. ఓ గంట సేపు నేను లేననుకోండ్రి. మీ పని కానియ్యిండ్రి."

ద్వాలి చెయ్యి దానంతటదే చెంప మీదికి పోయింది. "కత్తెర తే బిడ్డా," అంది. "మల్ల ఆ పెద్దాయన ఫోను చేస్తడేమో, జల్దీ."

సంగీత చూపు గూట్లో ఉన్న కత్తెరవైపు పోయింది. పోయింది, దాచాల్సిన పని లేదు. ఇంత జరిగాక కూడా, ఆ వీడియోలో ఉన్నట్టే ఉంటే మంచిదేమో అని ఒక్క క్షణం లెక్క వేసుకుంది. ఆ క్షణం తన మీద తనకే ఎంత అసహ్యం వేసిందంటే, లేచి చెప్పుల్లేకుండానే బయటికి పరిగెత్తింది. గోప్యా అప్పటికే పక్కింటి దడి దాటుతున్నాడు. చెయ్యి పట్టుకుంది.

"దాదా, రా. నువ్వు రాకపోతే నేను మాట్లాడ."

"ఎందుకు బిడ్డా, మల్ల ఏదన్నైతే..."

"అయితే కానియ్. రా."

ఇద్దర్నీ మంచం మీద పక్కపక్కన కూర్చోబెట్టింది. ద్వాలికి ఇంకా నమ్మకం కుదరలేదు, కొంగు చెంపల మీదికి లాక్కుంటూనే ఉంది. సంగీత ఆ కొంగు వెనక్కి తీసింది. రాజేష్ ఫోన్ పట్టుకున్నాడు, మేడం కూడా లైన్లో ఉంది. తెర మీద కళ్లద్దాల పెద్దాయన కనిపించి తల వంచి నమస్కరించాడు. ముసలివాళ్లిద్దరూ ఏం చెయ్యాలో తెలియక వాళ్లూ అలాగే వంగారు, టోప్లీల మువ్వలు మోగాయి. పెద్దాయన ఆ చప్పుడు విని మొహం దగ్గరగా పెట్టి చూశాడు. ఆయన అడిగింది సంగీతకు మేడం సాయం లేకుండానే అర్థమైంది. మీ నాయనమ్మ ఈ రోజు చాలా అందంగా ఉన్నారు, వీడియోలో ఇవి ఎందుకు లేవు?

అదే భాషలో, గుర్తొచ్చిన మాటలు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ సంగీత చెప్పింది. అవి మా పద్ధతిలో భర్త ఉన్న స్త్రీ పెట్టుకునేవి. నేను తీయించాను. మీరు చిన్నచూపు చూస్తారనుకున్నాను. నిజానికి చిన్నచూపు చూసింది నేను. నాకు సిగ్గుగా ఉంది.

పెద్దాయన అంతా విని తల ఊపాడు. తర్వాత ఆయన పని గురించి రెండు మూడు ప్రశ్నలు వేశాడు, చివర్లో కాగితాలు మొదలుపెట్టమని మేడంతో అన్నాడు. ముసలివాళ్లకు మళ్లీ తల వంచి నమస్కరించాడు. తెర నల్లబడింది.

రాజేష్ ఎగిరి గంతేశాడు. గోప్యా మనవరాలి భుజం తట్టి, "ఏమన్నడు బిడ్డా?" అన్నాడు.

"రమ్మన్నడు దాదా."

"గంతేనా? ఇంతసేపు ఏందో చెప్పినవ్ గదా. ఏం చెప్పినవ్?"

ముక్కూ మొహం తెలియని మనిషికి, నేర్చుకున్న భాషలో, తడబడుతూనైనా చెప్పేసింది సంగీత. ఇప్పుడు అదే మాట లంబాడీలో, ఊహ తెలిసినప్పటి నుంచి దాదీ తనను పిలిచిన భాషలో, ఎదురుగా కూర్చున్న మనిషి కళ్లలోకి చూసి చెప్పాలి. తల దించుకుని ద్వాలి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది.

"నిన్ను చూసి సిగ్గుపడ్డ దాదీ. రూల్ ఏం లేకుండె. నాకే సిగ్గయింది. అందుకే తీయించిన. అందరూ నిన్ను అంటుంటే గూడ చెప్పలే."

గోప్యా దిక్కులు చూశాడు. ద్వాలి మనవరాలి తల మీద చెయ్యి వేసింది, ఆ తెల్ల గాజులు సంగీత చెవికి తగిలాయి.

"నాకు తెల్వదనుకున్నవా?" అంది. "నీకు సిగ్గయితుందని తెలిసే గదనే తీసిన. రూల్ అయితే తీస్తునా?"

సంగీత భోరుమంది. ద్వాలి కంగారుగా రాజేష్ చేతిలో ఉన్న ఫోన్ వైపు చూసి, కొంగుతో మనవరాలి మొహం గబగబా తుడిచింది.

"ఆళ్లు ఇంకా సూస్తున్నరేమో, ఏడ్వకు బిడ్డా. పని పోతది."